కిటికీ తెరవమన్న అచ్చుతప్పులమ్మ

ప్రెస్సులో ఆమెను అందరూ అచ్చుతప్పులమ్మ అనేవారు. ముప్ఫై ఒక్క ఏళ్లుగా అదే ప్రెస్సులో, అదే మూల బల్ల దగ్గర, ఎర్ర పెన్ను పట్టుకుని ప్రూఫులు దిద్దుతున్న మనిషి. పెళ్లి పత్రికలు, పరీక్ష పేపర్లు, మందుల డబ్బాల్లో మడిచి పెట్టే చీటీలు, ఎన్నికల కరపత్రాలు, అన్నీ ఆమె కళ్లజోడు ముందునుంచి వెళ్లాల్సిందే. ఒకసారి ఓ పత్రికలో 'వధూవరులు' అన్నచోట కొమ్ము ఎగిరిపోయి 'వధ వరులు' అయి కూర్చుంది. కాగితాలు మిషనెక్కబోతుండగా పరిగెత్తుకొచ్చి ఆపింది. ప్రెస్సు యజమానికి ఆ రోజు పట్టిన చెమటలు ఆరడానికి వారం పట్టింది. అప్పటినుంచి ఆ పేరు ఖాయమైపోయింది.

ఆమెకు యాభై నాలుగేళ్లు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "వచ్చిన ప్రూఫులు నచ్చలేదు" అని నవ్వేసేది. ఆమెకున్నది ఒక్కడే తమ్ముడు, తనకన్నా ఆరేళ్లు చిన్న. పుట్టుకతోనే చెవుడు. మాట రాలేదు. చిన్నప్పుడు ఏ బడీ చేర్చుకోలేదు కాబట్టి అక్షరాలూ రాలేదు. అక్షరాలే బతుకైన అక్కకి అక్షరం ముక్క తెలియని తమ్ముడు.

అయినా వాళ్లకు మాటల కరువు ఎప్పుడూ లేదు. అమ్మా, అక్కా, తమ్ముడూ కలిసి ఇంట్లోనే తమకంటూ సైగలు తయారు చేసుకున్నారు. ముక్కు మీద కళ్లజోడు పైకి తోస్తున్నట్టు వేలు కదిపితే అక్క. బుగ్గ సొట్టలో వేలు గుచ్చితే తమ్ముడు. అమ్మ పోయిన రోజు తమ్ముడే ఒక కొత్త సైగ చేశాడు. అరచేత్తో రెండు కళ్లూ మూసుకుని, ఆ చెయ్యి తీసి ఆకాశం వైపు విప్పాడు. దాని అర్థం ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

నలభై దాటాక తమ్ముడికి చూపు కూడా తగ్గసాగింది. పక్కలన్నీ చీకటై, గొట్టంలోంచి చూస్తున్నట్టు మధ్యలో కాస్త మాత్రమే కనిపించేది. ఊరి చివర వినికిడి లేనివాళ్లకోసం ఒక వసతిగృహం ఉంది, అందరూ హోము అంటారు. అక్కడ కుర్చీలకు కేన్ అల్లే పని నేర్పుతారు. ఆ పనికి కళ్లకన్నా వేళ్లు ముఖ్యం. తనే వెళ్తానన్నాడు. 'నువ్వు వచ్చేదాకా గోడలతో ఏం మాట్లాడను?' అని చేతులతో అడిగితే ఆమెకు కాదనడానికి నోరు రాలేదు. అలా ఐదేళ్లు గడిచాయి. ప్రతి ఆదివారం పది గంటలకు ఆమె అక్కడి బెంచీ మీద తమ్ముడికి ఎదురుగా కూర్చుని వారం రోజుల కబుర్లన్నీ చేతులతో చెప్పేది. ఐదేళ్లలో రెండంటే రెండు ఆదివారాలు తప్పాయి.

అంతలో మహమ్మారి వచ్చింది. లాక్‌డౌన్ పెట్టారు. దుకాణాలకు, బడులకు, సినిమా హాళ్లకు తాళాలు పడ్డాయి. ప్రెస్సుకు మాత్రం పడలేదు. ప్రభుత్వ నోటీసులు అచ్చు వేసే పని వాళ్లదే కాబట్టి అత్యవసర సర్వీసు కింద పాసులు ఇచ్చారు. మిషను నడిపే పెద్దాయన, ఆమె, యజమాని ముగ్గురే వచ్చేవారు. ఆ పెద్దాయనను ఆమె చేరినప్పటినుంచీ మిషను బాబాయ్ అనే పిలుస్తుంది.

లాక్‌డౌన్ నిబంధనల ఉత్తర్వు అచ్చుకు వచ్చినప్పుడు ప్రూఫు చూసింది కూడా ఆమే. పద్నాలుగు పేజీలు. మధ్యాహ్నంలోగా గోడలకెక్కాలని ఆఫీసు మనిషి నెత్తిమీద నిలబడ్డాడు. పన్నెండో పేజీలో వసతిగృహాల నిబంధనలున్నాయి. 'అందులో నివసించువారు బయటివారిని గేటు వద్ద గాని, కిటికీ వద్ద గాని కలవరాదు' అని ఒక వాక్యం. ఆమె 'కిటికీ'లో చివరి దీర్ఘం సరిగ్గా పడిందో లేదో చూసింది. పడింది. పేజీ తిప్పింది. ఆ కిటికీ వెనక తన తమ్ముడున్నాడన్న సంగతి ఆ క్షణంలో తట్టలేదు. తర్వాత చాలా రోజులు ఆ పేజీ తిప్పిన చప్పుడు తన చెవుల్లో మోగేదని ఆమే చెప్పింది.

ఆదివారం వెళ్తే గేటుకు గొలుసు వేసి ఉంది. లోపలినుంచి వార్డెను వచ్చి పది అడుగుల దూరంలో ఆగిపోయాడు.

"అమ్మా, వెళ్లిపోండి. మీరు ఇక్కడ నిలబడటం కూడా తప్పే."

"లోపలికి రానండీ. వాణ్ని ఒక్కసారి వరండాలోకి పంపించండి. ఇక్కణ్ణుంచే రెండు సైగలు చేసి వెళ్లిపోతాను. ఎందుకు రావట్లేదో తెలియాలి కదా వాడికి."

"పంపలేనమ్మా." ఆయన గొంతు గట్టిగా లేదు. "మొన్న మా వంటమనిషి పోయాడు. లోపల అరవై మంది ఉన్నారు, సగం మంది ఊపిరితిత్తులు అంతంతమాత్రమే. ఎవరికి ఏమైనా నా మెడకే చుట్టుకుంటుంది. ఉత్తర్వులో కిటికీ అని కూడా రాశారు. చదివారా?"

"చదివాను" అంది ఆమె.

ఇంటికొచ్చి ఆరోగ్యశాఖ ఆఫీసుకు ఉత్తరం రాసింది. జవాబు రాలేదు. ఇంకోటి రాసింది. మూడోదానికి, ఆరు వారాల తర్వాత, ఒక కాగితం వచ్చింది. ఒకే వాక్యం. 'తమ సోదరునితో ఫోను ద్వారా మాట్లాడగలరు.'

ఆమె ఆ కాగితం తీసుకెళ్లి మిషను బాబాయ్ ముందు పెట్టింది. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని చదివి, మళ్లీ చదివి, "చెవిటివాడికి ఫోనా?" అన్నాడు.

"అవును బాబాయ్. ఉత్తరంలో మొదటి ముక్కే అది రాశాను. చదవకుండా జవాబిచ్చారు."

"వీడియోలో చూపించొచ్చేమో?"

"అదీ అడిగాను. అరవై మందికి ఒక్క ఫోను ఉంది. వార్డెనుగారు పాపం ఒకసారి పెట్టి చూపించారు. సిగ్నలు అందక, అరచేయంత తెరలో నా బొమ్మ చుక్కలు చుక్కలుగా విరిగిపోయింది. ఎవరో తెలియక ఫోను తిరగేసి వెనక్కి చూశాడు."

ఆయన కాగితం మడిచి తిరిగిచ్చాడు. తర్వాత, "ఏం చేద్దామనుకుంటున్నావ్ అమ్మాయ్?" అని అడిగాడు.

"వెళ్లి నిలబడతాను. ఆరోగ్యశాఖ ఆఫీసు ముందు కాదు, అక్కడ ఎవరూ చూడరు. హోము ఎదురుగా, రోడ్డుకి అవతలి పక్క. చేతిలో ఒక అట్ట పట్టుకుని."

"పట్టుకుపోతారే!"

"పట్టుకుపోవచ్చో లేదో ముందు తెలుసుకుంటాను."

ఆ సాయంత్రం ఉత్తర్వు కాపీ పట్టుకుని మేడమీదికి వెళ్లింది. పైవాటాలో ఒక లాయరమ్మాయి ఉండేది. నల్లకోటు వేసుకోవడం మొదలుపెట్టి మూడేళ్లయింది. కోర్టులు సగం మూతపడి, వరండాలో మొక్కలకు నీళ్లు పోస్తూ కాలక్షేపం చేస్తోంది. ఇద్దరూ మెట్లమీద ఆ చివరొకరు, ఈ చివరొకరు కూర్చున్నారు.

"పిన్నిగారూ, ఇందులో 'గుమిగూడుట' అంటే ఏమిటో రాశారా?"

"రాశారు. ఆరో అంశం. 'ఆరడుగుల కన్న తక్కువ దూరంలో ఐదుగురికి మించి ఒకచోట చేరుట.'"

"మీరొక్కరే అయితే అది గుమిగూడటం కాదు. సరే. బయటికి రావడం సంగతి?"

"తొమ్మిదో అంశం. సరుకులు, మందులు, ఆసుపత్రి, అత్యవసర ఉద్యోగం, రోజుకో గంట నడక. వీటికి తప్ప రాకూడదు."

"నిరసన తెలపకూడదని ఎక్కడైనా ఉందా?"

"ఆ మాటే లేదమ్మా. పద్నాలుగు పేజీలూ నేనే ప్రూఫు చూశాను."

లాయరమ్మాయి నీళ్ల మగ్గు కింద పెట్టింది. "పోలీసులేమంటారంటే, లిస్టులో లేనిదంతా నిషేధమే అంటారు. మనమేమంటామంటే, ప్రభుత్వానికి మొర పెట్టుకోవడం, నలుగురికీ కనపడేలా శాంతంగా నిలబడి చెప్పుకోవడం రాజ్యాంగం ఇచ్చిన హక్కు, దాన్ని తీసేయాలంటే తీసేస్తున్నామని నోరు తెరిచి చెప్పాలి, కారణం చూపాలి అంటాం. ఎవరి మాట నెగ్గుతుందో నాకు తెలియదు. చట్టం ఒప్పుకుంటుందని మీకు మాటివ్వలేను. ఒప్పుకోదని కూడా ఎవరూ చెప్పలేరు. ఇక్కడ ఇంతవరకూ ఎవరూ అడగలేదు."

"అడిగితే తప్పా?"

"కేసు పెట్టొచ్చు. ఒక పూట స్టేషన్లో కూర్చోబెట్టొచ్చు. ఉద్యోగానికి ఇబ్బంది రావచ్చు. అన్నీ చెప్పి పంపించడం నా ధర్మం." కాస్త ఆగి నవ్వింది. "పంపించకుండా ఉండటం నావల్ల కాదు."

మర్నాడు మిషను బాబాయ్ అట్ట సిద్ధం చేశాడు. ఎప్పుడో మూలన పడేసిన పెద్ద కొయ్య అక్షరాలు దుమ్ము దులిపి, చేత్తో సిరా రాసి, ఒక్కో అక్షరం బెత్తెడు పొడవుండేలా ఒకే వాక్యం అచ్చు గుద్దాడు. 'ఫోను వినపడనివాళ్లకు కిటికీ అయినా తెరవండి.' ఆమె అలవాటు చొప్పున ప్రూఫు చూసింది. తప్పులేమీ లేవు.

మొదటిరోజు ఆమె ఒక్కతే నిలబడింది. నడకకు ఇచ్చిన గంటలోనే, పొద్దున పదినుంచి పదకొండు దాకా. ముక్కూ నోరూ మూసి మాస్కు, చేతిలో అట్ట, మెడలో ప్రెస్సు పాసు. రోడ్డుమీద పిల్లి కూడా లేదు. పదింపావుకు ఒక కానిస్టేబులు సైకిలు ఆపి, అట్ట మీదిది కూడబలుక్కుని చదివి, "ఎవరున్నారమ్మా లోపల?" అని అడిగాడు. చెప్పింది. "ఎండగా ఉంది, నీడలో నిలబడండి" అని వెళ్లిపోయాడు.

మూడోరోజుకు ఇంకొకాయన వచ్చాడు. సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. కూతురు అదే హోములో ఉంది. ఆమె నిలబడిందని ఎవరో చెబితే వచ్చాడు. రావడం రావడమే జేబులోంచి సుద్దముక్క తీసి, ఆమె నిలబడిన చోటునుంచి అడుగులు కొలిచి గుండ్రంగా గీత గీసి అందులో నిలబడ్డాడు. వారం తిరిగేసరికి అలాంటి గుండ్రాలు పదకొండు అయ్యాయి. పదకొండు కుటుంబాలనుంచి ఒక్కొక్కరే. ఎవరూ అరవలేదు. లోపలివాళ్లకు ఎలాగూ వినపడదు. కండక్టరు మాత్రం కొత్తగా ఎవరొచ్చినా, "ముందుకు జరగండి, ముందుకు జరగండి అని ముప్ఫై ఏళ్లు అరిచాను. ఇప్పుడు దూరం జరగండి అని అరవాల్సొస్తోంది" అనేవాడు. మాస్కుల వెనక నవ్వులు కనపడవు కానీ భుజాలు కదిలేవి.

తొమ్మిదోరోజున, లాయరమ్మాయి కూడా చూడటానికి వచ్చి ఓ పక్కన నిలబడి ఉండగా, పోలీసు జీపు వచ్చింది. ఇన్‌స్పెక్టరు దిగి గుండ్రాలు లెక్కపెట్టాడు.

"ఐదుగురికి మించి ఉన్నారు. వెళ్లిపోండి."

"ఆరడుగుల లోపల ఐదుగురికి మించి అని ఉందండి" అంది ఆమె. "టేపు తెచ్చుకున్నాం. కొలుచుకోండి."

ఇన్‌స్పెక్టరు మొహం చిట్లించాడు. "చదువుకున్నట్టున్నారు. తొమ్మిదో అంశం కూడా చదివారా?"

"చదివానండి. నిరసన వద్దని అందులో..."

ఆమె మాట మధ్యలోనే ఆగిపోయింది. రోడ్డు అవతల, హోము మేడమీద, ఒక కిటికీ తెర కదిలింది. ఇన్నాళ్లూ మూసి ఉన్న తెర. జీపు మీది ఎర్రలైటు వెలుతురు గోడమీద తిరుగుతుంటే, ఏమిటా అని ఎవరో తొంగి చూశారు. తమ్ముడే. మొహం ఇటూ అటూ తిప్పి, తన గొట్టపు చూపుతో రోడ్డంతా వెతికి, చివరికి ఆమె దగ్గర ఆగాడు.

ఆమె కళ్లజోడు పైకి తోసుకుంది. అక్క.

తమ్ముడు మొహం చువ్వలకు ఆనించాడు. తర్వాత నెమ్మదిగా అరచేత్తో రెండు కళ్లూ మూసుకున్నాడు. ఆ చెయ్యి తీసి ఆకాశం వైపు విప్పాడు. ఆమెను చూపించాడు. కాదా అన్నట్టు తల అడ్డంగా ఊపాడు. మళ్లీ అదే సైగ. మళ్లీ ఆమె వైపు వేలు.

డెబ్బై రోజులుగా ఆదివారాలు వచ్చి పోతున్నాయి. ఎందుకు రాలేదో చెప్పగల సైగ అక్కడ ఎవరికీ తెలియదు. అతను తన మానాన తాను ఒక అర్థం చెప్పుకున్నాడు. అక్క చచ్చిపోయింది.

ఆమె అట్ట వదిలేసి పరిగెత్తింది. రోడ్డు దాటి, ప్రహరీ పక్క సందులోంచి మేడకున్న బయటి మెట్లెక్కి కిటికీ కింది గట్టు మీదికి చేరి చువ్వలు పట్టుకుంది. అతను చువ్వల్లోంచి చేయి చాపి ఆమె మొహం తడిమాడు. కళ్లజోడు, మాస్కు, చెవులు. వెనకనుంచి ఇన్‌స్పెక్టరు, వార్డెను, లాయరమ్మాయి ముగ్గురూ ఏదో అరుస్తున్నారు. ఆమెకూ ఆ రెండు నిమిషాలు ఏమీ వినపడలేదు.

పదకొండు మందినీ స్టేషన్‌కు తీసుకెళ్లి, వరండాలో దూరదూరంగా కుర్చీలు వేసి కూర్చోబెట్టారు. రైటరు కాగితం రాసి సంతకం పెట్టమన్నాడు. ఆమె చదివింది. చదివాక పెన్ను అడిగింది.

"సంతకానికేనా?"

"ముందు ఇది దిద్దాలండి. 'అనుమతి లేకుండా నిరశన చేయుచు' అని రాశారు. నిరశన అంటే తిండి మానేయడం. నేను పొద్దున కడుపునిండా తినే వచ్చాను. మీరనుకున్నది నిరసన. 'స' రాయాలి."

రైటరు ఇన్‌స్పెక్టరు వైపు చూశాడు. ఇన్‌స్పెక్టరు కాగితం తీసుకుని రెండు మాటలూ మూడుసార్లు చదువుకుని, గొంతు సవరించుకుని, "దిద్దండి" అన్నాడు. ఆ మూల కుర్చీలోంచి కండక్టరు, "తిండి మానడం నా వల్ల కాదు బాబూ, షుగరుంది. నాది కూడా దిద్దండి" అన్నాడు. సాయంత్రం పూచీకత్తు మీద అందర్నీ వదిలిపెట్టారు.

ఆ వారమంతా ఆమెకు అన్నం సయించలేదు. కేసుకు భయపడి కాదు. హోములో ఎవరైనా దగ్గారా, ఎవరికైనా జ్వరం వచ్చిందా అని రోజూ వార్డెనుకు ఫోను చేసి కనుక్కునేది. ఆయన మొదట్లో విసుక్కున్నాడు. తర్వాత తనే చేసి చెప్పేవాడు. ఎవరికీ ఏమీ కాలేదు.

కేసు విచారణకు వచ్చింది. పెద్ద హాలు, కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. బెంచీకొకరు చొప్పున కూర్చోబెట్టారు. మేజిస్ట్రేటు ఒక నడివయసు ఆవిడ. మాస్కు ఆవిరికి కళ్లద్దాలు మసకబారుతుంటే మాటిమాటికీ తీసి తుడుచుకుంటోంది.

ప్రభుత్వ న్యాయవాది సూటిగా మాట్లాడాడు. "ఇవాళ పదకొండు మంది. ఊరుకుంటే రేపు పదకొండు వందలు. రోగానికి హక్కులు తెలియవండి. లిస్టులో ఉన్న పనులకు తప్ప బయటికి రావద్దన్నాం. నిరసన ఆ లిస్టులో లేదు."

"సరుకుల కొట్టు ముందు నలభై మంది ఆరడుగుల దూరంలో నిలబడుతున్నారు. నేనూ నిలబడ్డాను" అంది మేజిస్ట్రేటు. "అక్కడ రాని రోగం ఇక్కడెలా వస్తుంది?"

"సరుకులు అవసరం కదండీ."

"మొర పెట్టుకోవడం అవసరం కాదని ఎక్కడ రాశారు?"

లాయరమ్మాయి లేచింది. "మేము లాక్‌డౌన్ వద్దనడం లేదండి. రోగం నిజం, జాగ్రత్త అవసరం. ఎంతమంది, ఎంత దూరం, ఎంతసేపు అన్నది ప్రభుత్వం నిర్ణయించొచ్చు. మేం కట్టుబడతాం. కానీ ఒక ఉత్తర్వు వల్ల నష్టపోయినవాళ్లు ఆ ఉత్తర్వు గురించి బయటికొచ్చి చెప్పుకునే దారే లేకుండా చెయ్యాలంటే, లిస్టులో రాయకుండా వదిలేస్తే సరిపోదు. ఆ మాట చెప్పాలి. ఎందుకో చెప్పాలి. ఇంతకన్నా చిన్న కట్టడి చాలదని చూపించాలి. వాళ్లు ఇవేమీ చెయ్యలేదు."

మేజిస్ట్రేటు తల ఊపి, కాగితం తిప్పింది. "మరి మీ వాళ్లలో ఒకరు రోడ్డు దాటి వెళ్లి కిటికీ చువ్వలు పట్టుకున్నారట. లోపల అరవై మంది ఉన్నారు. దానికేమంటారు?"

లాయరమ్మాయి నోరు తెరిచేలోగా వెనక బెంచీలోంచి ఆమె లేచి నిలబడింది.

"అది తప్పేనండి. దానికి మా లాయరమ్మాయి వాదించక్కర్లేదు. మా తమ్ముడు నేను చచ్చిపోయాననుకున్నాడు. బతికే ఉన్నానని దూరంనుంచి చెప్పడానికి ఆ క్షణంలో నాకు చేతులు ఆడలేదు. కాళ్లు ఆడాయి. ఆ రెండు నిమిషాలకు మీరు ఏ శిక్ష వేసినా పడతాను. కానీ నిలబడిన తొమ్మిది రోజులు తప్పని మాత్రం నేను ఒప్పుకోను. వాటినీ వీటినీ కలిపి రాయకండి."

మేజిస్ట్రేటు కళ్లద్దాలు మళ్లీ తీసింది. ఈసారి తుడుచుకోవడానికి కాస్త ఎక్కువసేపు పట్టింది.

మధ్యాహ్నం తీర్పు చెప్పింది. ఈ ఉత్తర్వులో నిరసనను నిషేధించే మాట లేదు. దూరం, మాస్కు, సమయం పాటిస్తూ విడివిడిగా నిలబడటం ఉత్తర్వు చెప్పిన గుమిగూడటం కిందికి రాదు. మొర పెట్టుకునే హక్కును ఆరోగ్యం కోసం కుదించొచ్చు గాని, మాట చెప్పకుండా మాయం చెయ్యకూడదు. కాబట్టి పదకొండు మంది మీదా ఆ నేరం కొట్టేస్తున్నాను. ఇది ఈ కేసు వరకే, పై కోర్టులు వేరుగా అనుకోవచ్చు. ఇక వసతిగృహం నిబంధన దాటి లోపలివాళ్లను తాకిన నేరానికి, ఒప్పుకున్నారు గనక, కోర్టు లేచేదాకా ఈ హాలులోనే కూర్చోవాలి.

కండక్టరు ఆమె వైపు వంగి, "అంటే సీటు దొరికిందన్నమాట" అన్నాడు.

సాయంత్రం ఐదింటిదాకా ఆమె ఆ బెంచీ మీదే కూర్చుంది. మిగతావాళ్లు వెళ్లిపోయినా లాయరమ్మాయి వెళ్లలేదు. అది తన మొదటి గెలుపు. వెనక వరసలో కూర్చుని అమ్మకు ఫోనులో మెసేజీ టైపు చేసి, చెరిపి, మళ్లీ టైపు చేసింది. కిటికీలోంచి గాలి వస్తోంది. చాలా రోజుల తర్వాత అచ్చుతప్పులమ్మకు బాగా ఆకలి వేసింది.

తీర్పు వల్ల కిటికీ వెంటనే తెరుచుకోలేదు. నిలబడటం తప్పు కాదని మాత్రమే కోర్టు చెప్పింది. అందుకని మర్నాడు పది గంటలకు మళ్లీ వెళ్లి నిలబడ్డారు. ఈసారి వేరే హోముల దగ్గర కూడా సుద్ద గుండ్రాలు వెలిశాయని కబురొచ్చింది. కానిస్టేబులు సైకిలాపి దూరాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసిపోయేవాడు. ఐదోరోజున వార్డెను గేటుదాకా వచ్చి, "నేను కూడా మా పైవాళ్లకు రాశానమ్మా" అన్నాడు. "ఆ రోజు మీరొచ్చి వెళ్లాక మీవాడు రెండు పూటలా అన్నం తిన్నాడు. అంతకుముందు ఎందుకు తినడంలేదో మాకెవరికీ అర్థం కాలేదు. అదే రాశాను."

పన్నెండో రోజున ప్రెస్సుకు కొత్త ఉత్తర్వు అచ్చుకు వచ్చింది. ఒక్క పేజీ. ఫోను ద్వారా మాట్లాడలేనివారు వారానికి రెండుసార్లు, మధ్యలో ఆరడుగుల బల్ల వేసుకుని, ఆరుబయట, మాస్కులతో తమవాళ్లను కలవవచ్చు. ఆమె ప్రూఫు చూసింది. ముందు అక్షరాలు చూసింది. తర్వాత పెన్ను కింద పెట్టి, మళ్లీ మొదటినుంచి ఆ పేజీలో ఉన్న మనుషుల్ని తలచుకుంటూ చదివింది. చూపు లేనివాళ్ల మాటేమిటి? బల్లకు ఇవతల ఆరడుగుల దూరంలో వాళ్లకు ఏం కనపడుతుంది? మార్జినులో ఎర్ర పెన్నుతో ఆ ప్రశ్న రాసి పంపింది. ప్రూఫు చూసేవాళ్లు అలా రాయకూడదు. యజమాని కేకలేశాడు. కానీ కాగితం పంపకుండా ఆపలేదు. తుది కాపీలో 'చూపు మందగించినవారికి చేతి తొడుగులతో స్పర్శకు అనుమతి' అన్న వాక్యం చేరి వచ్చింది.

ఉత్తర్వులను అలా చదివే పని తర్వాత కూడా ఆగలేదు. ఏ నోటీసు అర్థం కాకపోయినా చుట్టుపక్కలవాళ్లు ప్రెస్సు మెట్ల దగ్గరికి పట్టుకొస్తారు. మధ్యాహ్నం ఓ గంట ఆమె అక్కడ కూర్చుని, ఏమి చెయ్యకూడదో, ఏమి చెయ్యొచ్చో చదివి చెబుతుంది. తెలియనిచోట మేడమీదికి పంపిస్తుంది. లాయరమ్మాయికి ఇప్పుడు మొక్కలకు నీళ్లు పోసే తీరిక లేదు. ఆ పని కూడా అచ్చుతప్పులమ్మే చేస్తోంది.

కొత్త ఉత్తర్వు వచ్చాక మొదటి ఆదివారం హోము పెరట్లో బల్ల వేశారు. తమ్ముడు వచ్చి తొడుగులు వేసుకున్న ఆమె చేతులు పట్టుకుని, వేళ్లన్నీ ఉన్నాయో లేదో ఒక్కొక్కటీ నొక్కి చూసుకున్నాడు. ఆ తర్వాత పోట్లాట మొదలుపెట్టాడు. ఇన్నాళ్లు ఎక్కడికి పోయావు, ఊళ్లో అందరూ మూతులకు గుడ్డలెందుకు కట్టుకున్నారు, వంటమనిషి ఏమయ్యాడు. ఆమె అన్నీ చెప్పింది. వంటమనిషి గురించి చెప్పినప్పుడు తమ్ముడు కళ్లు మూసుకుని ఆకాశం వైపు చెయ్యి విప్పాడు. తర్వాత కుర్చీల కబుర్లు వచ్చాయి. ఇన్నాళ్లలో ఇరవై రెండు అల్లాడట.

వార్డెను కొంచెం దూరంలో నిలబడి చూస్తున్నాడు. ఈమధ్య తమ్ముడి దగ్గర సైగలు నేర్చుకుంటున్నాడు. అన్నం, నీళ్లు, నొప్పి, అక్క ఆదివారం వస్తుంది, అంతవరకూ వచ్చాయి. తమ్ముడు ఆయన వైపు తిరిగి, ముక్కు మీదినుంచి రెండు వేళ్లు కిందికి జార్చి, ముక్కు కొనను పైకెత్తి చూపించాడు. ఆమె పగలబడి నవ్వింది.

"నా గురించేనా? రోజూ నన్ను చూసి అదే చేస్తాడు. ఏమంటున్నాడమ్మా?"

"మీ పేరండి. మీకు పేరు పెట్టాడు."

"ఏమని?"

"మాస్కు జారినాయన."

వార్డెను గబుక్కున చేయి పెట్టి చూసుకున్నాడు. నిజంగానే ముక్కు బయటే ఉంది.